బీకరు ఎవరు పట్టుకోవాలి?

ఎం.వి.పి. కాలనీలో మా పక్కింటాయన గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో భద్రతాధికారిగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఒక డిగ్రీ కళాశాల పాలకమండలిలో సభ్యులు. ఆయన మేనకోడలు ఇంకో కళాశాలలో ఫిజిక్స్ చెబుతుంది. ఇద్దరూ కలిశారంటే వాదన తప్పదు. ఈసారి వాదనకు మూలం రెండు దరఖాస్తులు. ఒకటి పూర్తిగా చూపులేని అమ్మాయిది. ఇంటర్ ఎంపీసీ పాసై కెమిస్ట్రీ ఆనర్స్ అడుగుతోంది. రెండోది చక్రాల కుర్చీలో తిరిగే అబ్బాయిది, కోర్సు అదే. శుక్రవారం సమావేశంలో మావయ్య తన అభిప్రాయం చెప్పాలి. నేను మేనకోడలి పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయినా మావయ్య అన్నవాటిలో ఒకటి రెండింటికి ఆమె దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

మావయ్య: చూడమ్మలూ, నేనేం రాక్షసుణ్ణి కాదు. ఇద్దరికీ సీటిద్దామనే అన్నాను. అమ్మాయికి ప్రాక్టికల్స్ మినహాయించేద్దాం. రికార్డు ఎవరిచేతనైనా రాయిస్తే పాస్ మార్కులు వేసేస్తారు. ల్యాబు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు కాబట్టి అబ్బాయి వీడియో చూసి రాసుకుంటాడు. ఇందులో అన్యాయం ఏటి?

మేనకోడలు: అన్యాయమంతా ఆ ‘మినహాయించేద్దాం’లోనే ఉంది మావయ్యా. 2024 జూలైలో ఏం జరిగిందో మర్చిపోయారా? దివ్యాంగులన్న దయతో మన ఇంటర్ బోర్డు ఒక భాషా సబ్జెక్టు మినహాయించింది. మెమోలో ఆ సబ్జెక్టు ఎదురుగా మార్కులుండవు, ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం ఒకటి ఉంటుంది. పిల్లలు జేఈఈ రాశారు, ర్యాంకులు తెచ్చుకున్నారు. తీరా సీటు దగ్గరికి వెళితే, మీకు అన్ని సబ్జెక్టుల మార్కులూ లేవు, కుదరదన్నారు. విజయవాడ కుర్రాడొకడు మంత్రి లోకేశ్‌కి మొరపెట్టుకుంటే, ఆ ‘ఈ’ ఉన్నచోట కనీస మార్కులు 35 వచ్చినట్టు లెక్కేయమని జీవో ఇచ్చారు. అప్పుడు 25 మందికి ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో సీట్లు దక్కాయి.

మావయ్య: మరింకేం, దక్కాయి కదా!

మేనకోడలు: దక్కాయి. కానీ అంతకుముందు సంవత్సరాల్లో అదే అక్షరం చూసి ఎవరెవరు వెనక్కి తిరిగారో మనకెవరు చెబుతారు? మినహాయింపు ఇచ్చినవాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చారు. ఆ మంచి మనసే మెమోలో ఖాళీగా మిగిలిపోయింది. రేపు మీ అమ్మాయి ఎంఎస్సీకి వెళ్తుంది. ప్రాక్టికల్స్ చేశావా అంటే ఏం చెప్పాలి? మా కాలేజీవాళ్ళు చాలా మంచివాళ్ళండీ, వద్దన్నారండీ అనా?

మావయ్య: భాష వేరు, యాసిడ్ వేరే తల్లీ. తెలుగు పేపరు మీద పడితే చెయ్యి కాలదు. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగమే అది. ప్రమాదం జరిగాక ఫైలు రాసేవాళ్ళు కాదు భద్రతాధికారులంటే, జరగకముందే వద్దనేవాళ్ళు. నీళ్ళలో యాసిడ్ పోయాలి గాని యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని కళ్ళున్నవాళ్ళకే వందసార్లు చెప్పాలి. పోనీ ఆమెకి ఏమైనా అయితే ఆమె ఇష్టం అనుకుందాం. పక్క బల్ల మీద పనిచేస్తున్న పిల్లకి అయితే?

మేనకోడలు: ఆ నియమానికీ కళ్ళకీ సంబంధం లేదు కదా, బుర్రకి ఉంది. సరే, వరసగా చూద్దాం. బీఎస్సీ మొదటి ఏడాది ల్యాబులో ఏముంటుంది? టైట్రేషన్. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతారు, ఫినాల్ఫ్తలీన్ గులాబీరంగుకి తిరగ్గానే ఆపుతారు. చూపులేని అమ్మాయి చెయ్యలేనిది ఆ రంగు చూడ్డం ఒక్కటే. మరి అదే సిలబస్‌లో తర్వాత కండక్టోమెట్రిక్ టైట్రేషన్ ఎందుకు పెట్టారు? ద్రావణం మురికిగా ఉన్నా, దానికే ఓ రంగున్నా కళ్ళున్నవాళ్ళకీ ఇండికేటరు రంగు తెలీదు. అందుకని విద్యుత్ వాహకత కొలుస్తారు, గ్రాఫు గీస్తారు, రెండు గీతలు కలిసినచోట ముగింపు బిందువు. అక్కడ కన్ను చేసే పని మీటరు చేస్తోంది. ఆ మీటరు అంకెను పైకి చదివిందనుకోండి, ఈ అమ్మాయికీ మిగతావాళ్ళకీ తేడా ఏముంది?

మావయ్య: చదివే మీటర్లు ఎక్కడున్నాయే?

మేనకోడలు: ఉన్నాయి. అమెరికాలో కేరీ సుపాలో అని కెమిస్టు ఒకాయన ఉన్నారు, ఆయనకి చూపు లేదు. ల్యాబులో తను పడ్డ పాట్లలోంచే మాట్లాడే పరికరాలు తయారుచేయించారు. ఉష్ణోగ్రత, పీహెచ్, బరువు, ఏ కొలతైనా గొంతుతో చెబుతాయి. ద్రావణం రంగు మారితే కాంతి సెన్సరు శ్రుతి మార్చి కూస్తుంది. ఇక కొలిచి పోయడమంటారా, సిరంజి కాడ మీద గాట్లు పెడితే వేలితో తడిమి ఎన్ని మిల్లీలీటర్లో చెప్పొచ్చు. దానికి అమెరికా అక్కర్లేదు, బ్లేడు చాలు. ఇంకొకటి చెప్పనా? మీ ల్యాబులో ఇప్పుడే వర్ణాంధత్వం ఉన్న మగపిల్లలు ఉండే ఉంటారు. మిథైల్ ఆరెంజ్ ఎప్పుడు తిరిగిందో వాళ్ళకి సరిగ్గా తెలీదు. పక్కవాడి రీడింగు చూసి రాసుకుంటున్నారు. వాళ్ళ గురించి పాలకమండలిలో ఎప్పుడైనా చర్చించారా?

(మావయ్య నవ్వారు. తన కాలేజీ రోజుల్లో తనూ పక్కవాడి రీడింగులే రాసుకున్నానని, అయితే అది రంగు తెలీక కాదని ఒప్పుకున్నారు.)

మావయ్య: సరే, టైట్రేషన్ ఒప్పుకున్నాను. కాని మరిగేవి, మండేవి? బర్నరు వెలుగుతోందో లేదో చూడకుండా ఎలా?

మేనకోడలు: హాట్‌ప్లేట్ పెట్టండి. చాలా ల్యాబుల్లో బర్నర్లు తీసేసి అవే పెడుతున్నారు. అది భద్రతకే మేలని మీరే చెబుతారు, చూపున్నవాళ్ళకి కూడా. నిజంగా కుదరనివి రెండో మూడో ఉంటే, ఆమె చెప్పినట్టల్లా చేసే సహాయకుణ్ణి పక్కన పెట్టండి. ఏది ఎంత పోయాలి, ఎప్పుడు ఆపాలి, ఏం రాయాలి అన్నది ఆమె నిర్ణయం. బీకరు పట్టుకోవడం మాత్రం అతని పని.

మావయ్య: ఇదిగో, నేను పట్టుకోవాలనుకున్నది ఇక్కడే. బీకరు పట్టుకున్నవాడికి కదా మార్కులు! ప్రాక్టికల్స్ అంటే చేతిపని. చేతిపని ఇంకొకరు చేస్తే ఆ సర్టిఫికెట్టు ఎవరిది?

మేనకోడలు: మన యూనివర్సిటీల్లో ఎంతమంది ప్రొఫెసర్లు బీకరు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో లెక్క తీద్దామా? పేపర్లలో వాళ్ళ పేర్లే ఉంటాయి. పని స్కాలర్లు చేస్తారు. దాన్ని మోసం అంటున్నామా? పరిశోధనకు దారి చూపించాడంటున్నాం. పెద్దాయన నోటితో చెప్పి చేయిస్తే మార్గదర్శకత్వం, చూపులేని పిల్ల చెప్పి చేయిస్తే దొంగ మార్కులా?

మావయ్య: పెద్దాయన ముందు పదేళ్ళు బీకర్లు కడిగాడే. ఆ చెయ్యి తిరిగింది కాబట్టే ఈ నోరు నమ్ముతున్నాం.

(ఇది గట్టి మాట. మేనకోడలు కాసేపు ఆలోచించింది.)

మేనకోడలు: అందుకే కదా, వీలైనన్ని ప్రయోగాలు ఆమె చేత్తోనే చేయించమంటున్నాను! సహాయకుడు ఆఖరి మార్గం. మీరు మాత్రం మొదటిరోజే మినహాయింపు కాగితం చేతిలో పెడుతున్నారు. చేతిపని అంత ముఖ్యమని మీరే అంటారు, ఆ చేతిపనే ఆమెకు వద్దనీ మీరే అంటారు!

మావయ్య: అబ్బో.

మేనకోడలు: చేతులంటే గుర్తొచ్చింది. ఆర్.కె. బీచ్‌లో గవ్వలు ఏరుకున్నాం కదా చిన్నప్పుడు, ఆ గవ్వల మీద ప్రపంచంలో పెద్ద పేరున్న శాస్త్రవేత్తల్లో ఒకాయన గీరాట్ వర్మేయ్. 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. గ్లకోమాతో మూడేళ్ళకే పూర్తిగా చూపు పోయింది. యేల్‌లో చేరడానికి వెళితే, ఈయన జంతుశాస్త్రం ఏం చేస్తాడని ఆచార్యుడికి అనుమానం వచ్చింది. మ్యూజియంలోకి తీసుకెళ్ళి చేతిలో ఓ గవ్వ పెట్టాడు. తడిమి పేరు చెప్పారు. ఇంకోటి పెట్టాడు, దాని పేరూ చెప్పారు. 1971లో అక్కడే డాక్టరేట్ వచ్చింది. గవ్వల మీద పగిలి మళ్ళీ అతుక్కున్న మచ్చలుంటాయి చూశారూ, పీతలు కొరికి వదిలేస్తే మానిన గాయాలవి. ఆ మచ్చల్ని, గవ్వ మందాన్ని, మూతి ఇరుకుదనాన్ని వేళ్ళతో చదివారాయన. కోట్ల ఏళ్ళుగా వేటాడే జీవులూ తప్పించుకునే జీవులూ ఒకరినొకరు మించుతూ ఎలా మారుతూ వచ్చాయో చెప్పారు. తీరప్రాంతాల్లో మోకాళ్ళలోతు నీళ్ళలో దిగి మరీ ఏరారు. టేకు చేప ముల్లు కూడా గుచ్చుకుంది.

మావయ్య: చూశావా, ప్రమాదం!

మేనకోడలు: టేకు ముల్లు గుచ్చుకున్న చూపున్న జాలర్లు మన హార్బరులో ఎంతమంది లేరు మావయ్యా? వాళ్ళనెవరూ సముద్రంలోకి వెళ్ళొద్దనలేదే!

మావయ్య: సరే గాని, ఇలాంటివాళ్ళ కథలు చెప్పి ఒప్పించాలని చూడకు. ఆయన మేధావి. మన బొల్లా శ్రీకాంత్ కూడా అంతే. మచిలీపట్నం దగ్గర పల్లెటూరు, పుట్టుకతోనే చూపు లేదు, ఎంఐటీకి వెళ్ళొచ్చాడు, కంపెనీ పెట్టాడు, రతన్ టాటా పెట్టుబడి పెట్టారు. 2024లో సినిమా కూడా వచ్చింది, నేనూ చూశాను, ఏడ్చాను. కాని అలాంటివాడు ఒకడు. మా కాలేజీకి వచ్చేది మామూలు పిల్ల.

మేనకోడలు: సినిమా చూసి ఏడ్చారు, బాగానే ఉంది. శ్రీకాంత్ కథలో అసలు సంగతేంటో గుర్తుందా? పదో తరగతి తర్వాత సైన్సు తీసుకుంటానంటే, చూపులేనివాళ్ళకి సైన్సు లేదంది అప్పటి మన బోర్డు. కోర్టుకెక్కితే గానీ సీటు రాలేదు. చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగు సెంటర్లు చేర్చుకోలేదు. ఎంఐటీ చేర్చుకుంది. ఇందులో మనం మెచ్చుకోవాల్సింది ఆ కుర్రాడి మేధస్సే అయితే, సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. మామూలుగా చదివే చూపున్న పిల్లాడికి 55 శాతం వచ్చినా బీఎస్సీ సీటిస్తాం. వాడు కోర్టుకెళ్ళక్కర్లేదు, సినిమా అవ్వక్కర్లేదు. మీ అమ్మాయికీ అంతే హక్కు ఉండాలి, 55 శాతంతో మామూలుగా చదువుకునే హక్కు.

(నాకు ఈ వాదన మొత్తంలో నచ్చిన మాట ఇది. వికలాంగుల విజయగాథలంటే పత్రికల్లో రాసే మాకందరికీ ఇష్టం. రాయడం తేలిక, చదివినవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, ర్యాంపు గురించి ఎవరూ అడగరు.)

మావయ్య: హక్కులు బానే ఉన్నాయి. నేను నిజమైన పని గురించి మాట్లాడతాను. ఇది పోర్టు ఊరు, ఉక్కు ఊరు. ఇక్కడ సైన్సు చదివినవాడు చివరికి వెళ్ళేది ఎక్కడికి? బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరికి, కోక్ ఓవెన్ల దగ్గరికి, క్రేను కిందకి, ఓడలోకి. ఓడ మీద కాపలా నిలబడి దూరంగా కనిపించే దీపం ఎర్రదా పచ్చదా చెప్పాలి. రంగు తేడా తెలీనివాణ్ణి అంతర్జాతీయ నియమాలే డెక్కు మీదకి రానివ్వవు. అది వివక్షా?

మేనకోడలు: కాదు. ఆ పనికి కళ్ళు కావాలి, నేను కాదనను.

మావయ్య: అమ్మయ్య. మరైతే గీత ఎక్కడ గీస్తావు?

మేనకోడలు: పని దగ్గర గీస్తాను, మనిషి దగ్గర కాదు. డెక్కు మీద కాపలాకి చూపు కావాలి. అదే ఓడ డిజైనుకి, దాని ఉక్కులో కార్బన్ శాతం లెక్కకి, రేవులో పూడిక గణితానికి కళ్ళెందుకు, కాళ్ళెందుకు? 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు మెడికల్ సీట్ల కేసుల్లో చెప్పింది అదే. సర్టిఫికెట్టులో శాతం చూసి తలుపు వేయొద్దు, ఆ చదువు ఆ మనిషి చదవగలడా లేదా చూడండి అంది. తర్వాతి ఏడాది ‘రెండు చేతులూ చక్కగా ఉండాలి’ అన్న నిబంధననూ తప్పుబట్టింది. మీకు కోర్టుల మాట ఎందుకు, మీ ఫ్యాక్టరీ మాట చెప్పండి. మీ దగ్గర ప్రమాదంలో చెయ్యి పోయిన ఫోర్‌మన్ ఒకాయన ఉండేవారు, అత్తయ్య ఎప్పుడూ చెబుతుంది. ఆయన్నేం చేశారు?

మావయ్య: ఏం చేస్తాం, ప్లానింగులో వేశాం. అబ్బే, బంగారంలాంటి మనిషి. ఏ బేరింగు ఏ షిఫ్టులో పోతుందో చప్పుడు విని చెప్పేవాడు. మెషీన్ల షెడ్యూలంతా ఆయన చేతిలోనే... ఆయన బుర్రలోనే ఉండేది. కొత్త ఇంజనీర్లందరినీ ముందు ఆయన దగ్గరికే పంపేవాళ్ళం.

మేనకోడలు: కుర్చీ, బల్ల మార్చారా?

మావయ్య: ఎడమచేత్తో తిప్పే లివరు పెట్టించాను, నేనే దగ్గరుండి.

మేనకోడలు: అదీ సంగతి. లోపల ఉన్నవాడికి చెయ్యి పోతే పని మార్చారు, లివరు మార్చారు, బంగారంలాంటి మనిషన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ కూడా, ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగం మధ్యలో వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు అంటుంది. అదే మనిషి ఒక చేత్తో పుట్టి మీ గేటు దగ్గరికి వచ్చుంటే?

మావయ్య: గేటు దగ్గరే పంపేసేవాణ్ణి.

(నిజాయితీపరుడు కాబట్టి ఆ మాట అనగలిగారు. ఆ తర్వాత కాసేపు కాఫీ తాగారు. మళ్ళీ ఆయనే అందుకున్నారు.)

మావయ్య: ఒకటి మాత్రం చెప్పు. 2020 మే 7, తెల్లవారుజామున మూడు. ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకైంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోంచి లేచి పరిగెత్తారు, రోడ్ల మీద పడిపోయారు. 12 మంది పోయారు. ఆ రాత్రి నుంచి నేను ఏ భవనం చూసినా ఒకటే ఆలోచిస్తాను, ఇందులోంచి మనుషులు ఎంతసేపట్లో బయటపడతారు అని. కుర్చీలో ఉన్న పిల్లాడు రెండో అంతస్తులో ఉన్నప్పుడు పొగొస్తే లిఫ్టున్నా వాడకూడదు. మెట్ల మీద ఎవరు మోస్తారు?

మేనకోడలు: ఇది సరైన ప్రశ్న. మీరు మాత్రమే అడగగలిగే ప్రశ్న. కాని దీన్ని ఆ అబ్బాయిని బయట ఉంచడానికి వాడకండి, ల్యాబును కిందకి తేవడానికి వాడండి. ఆ రాత్రి సైరన్ మోగలేదని విచారణ కమిటీయే తేల్చింది కదా. సైరన్ మోగకపోతే ఊరు ఊరంతా చెవిటిదే. వినపడనివాళ్ళ కోసం వెలిగి ఆరే ఎర్రదీపం పెట్టి ఉంటే, కనపడనివాళ్ళ కోసం మైకులో చెప్పే ఏర్పాటు ఉంటే, ఒకటి పనిచెయ్యకపోయినా ఇంకొకటి లేపేది అందరినీ. భద్రతంటే ఒకే దారి మీద ఆధారపడకూడదనేది మీ సూత్రమే.

మావయ్య: రెండు దారులుండాలి అన్నది నా సూత్రమే, ఒప్పుకున్నాను.

మేనకోడలు: మీ ఫ్యాక్టరీల ఫైవ్ ఎస్ పద్ధతి ఏమంటుంది? ప్రతి వస్తువుకీ ఒక చోటు, చోటులోనే వస్తువు. మీ ఇంట్లో కత్తెర చోటు మారితే అత్తయ్య మీద ఎగురుతారు. చూపులేని కెమిస్టుకు కావాల్సింది అచ్చంగా అదే. సీసాలు వరసలో ఉండాలి, వాడాక అక్కడే పెట్టాలి, లేబులు తడిమి తెలుసుకునేట్టుండాలి. కళ్ళున్న విద్యార్థుల ల్యాబుల్లో సీసాలు ఎలా ఉంటాయో నేను రోజూ చూస్తున్నాను. అమ్మాయి వస్తే మీ ల్యాబు మీక్కావలసినట్టు తయారవుతుంది.

(మావయ్య కళ్ళలో మెరుపు చూశాను. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ వినని మనిషికి తన మాట వినేవాళ్ళు దొరికినట్టయింది.)

మావయ్య: అలాగైతే ఒక షరతు. క్లాసులు మొదలవక ముందు వారం రోజులు ఆ అమ్మాయి ల్యాబులో తిరగాలి, అటెండరు తోడుండాలి. షవరెక్కడ, కళ్ళు కడుక్కునే కుళాయి ఎక్కడ, తలుపెటు అన్నీ చేతికి అలవాటవ్వాలి. తర్వాత ఎవడైనా సీసా జరిపితే వాడికి ఫైను.

మేనకోడలు: ఇది షరతు కాదు మావయ్యా, నేను అడగబోయేదే.

మావయ్య: మరి పుస్తకాలు? ల్యాబులో దారి దొరికినా పుస్తకం చదవాలి కదా.

మేనకోడలు: అబ్బ, అది ల్యాబుకంటే కష్టం. జనానికి తెలీదు గాని అసలు అడ్డుగోడ అక్కడే ఉంది. కంప్యూటరు తెరను చదివిపెట్టే ఎన్‌వీడీఏ ఉచితం. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు 2006లో మొదలుపెట్టారు. తెలుగు కూడా చదువుతుంది. కాని ఏం చదవాలి? మన తెలుగు మీడియం నోట్సు, గైడ్లు సగం అను ఫాంట్లలో కూర్చినవి. తెర మీద చక్కగా ‘ఉష్ణోగ్రత’ అని కనబడుతుంది, ఫైలు లోపల ఉండేవి మాత్రం దానితో సంబంధం లేని గుర్తులు. చదివే సాఫ్ట్‌వేరు ఆ గుర్తుల్నే చదువుతుంది, అమ్మాయికి వినిపించేది రణగొణ. యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే ఖర్చు సున్నా. ఇక సమీకరణాలు ఫోటోలుగా అతికిస్తారు. ఫోటోలోని సమీకరణాన్ని ఆ సాఫ్ట్‌వేరు చదవలేదు. పుణే నుంచి వెళ్ళిన టి.వి. రామన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయనా చూపులేనివారే, 1994లో కార్నెల్‌లో చేసిన పీహెచ్‌డీయే దీని మీద. గణితాన్ని చెవికి అర్థమయ్యేట్టు ఎలా పలికించాలి అని. లవమెక్కడ ముగిసింది, హారమెక్కడ మొదలైంది అన్నది గొంతు మార్పుతో చెప్పించారు. ముప్ఫై ఏళ్ళు దాటింది. మనం ఇంకా ఫోటోలు అతికిస్తున్నాం.

మావయ్య: పరీక్షలు? వేరేవాళ్ళు రాస్తారు కదా.

మేనకోడలు: రాస్తారు. గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. అయితే రాసేవాళ్ళు పరీక్షకు కూర్చున్నవాళ్ళకంటే ఒక మెట్టు తక్కువ చదివినవాళ్ళయి ఉండాలన్నాయి 2018 మార్గదర్శకాలు. కాపీ కొట్టకుండా అన్నమాట. సబబే. కాని కెమిస్ట్రీ పేపరు! ‘బెంజీన్ వలయం గీసి, ఒక కార్బన్ దగ్గర నైట్రో గ్రూపు పెట్టు’ అంటే, అంత కెమిస్ట్రీ రాని పిల్ల ఏం గీస్తుంది పాపం? అమ్మాయికి తెలిసిన జవాబు కాగితం మీదకి చేరేలోపు దారి తప్పిపోతుంది. తనే కంప్యూటర్ మీద టైపు చేస్తానంటే, ఏర్పాటు లేదంటారు.

మావయ్య: ఊఁ. ఇదంతా డబ్బుతో కూడిన పని. నీ చట్టం నేనూ చదివాను. సదుపాయం కల్పించాలి, కాని అలవికాని భారం కాకూడదు అని అందులోనే ఉంది. మాది పెద్ద సంస్థ కాదు. అయిదేళ్ళకో పిల్లాడి కోసం లిఫ్టు కడితే మిగతా పిల్లల ఫీజులు పెంచాలి.

మేనకోడలు: అయిదేళ్ళకొకడు వస్తున్నాడా, మెట్లు చూసి నలుగురు రాకుండా పోతున్నారా? 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులు 22 లక్షల పైచిలుకు. వాళ్ళలో చదువుకునే వయసువాళ్ళు ఎక్కడున్నారు? ఇక గడువంటారా? పాత భవనాలన్నీ అయిదేళ్ళలో మార్చాలని చట్టం. 2017లో నిబంధనలొచ్చాయి, 2022తో గడువైపోయింది. చాలామంది మార్చలేదు, ఎందుకంటే నిబంధన సలహాలాగే రాసుండేది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమంది. మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళ నివేదిక ఆ కేసులో ముందు పెట్టుకుంది.

మావయ్య: సలహాకీ తప్పనిసరికీ తేడా నాకు చెప్పకు, ముప్ఫై ఏళ్ళు హెల్మెట్ల మీద పోరాడాను. కాని లెక్క చూడు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. రెండంతస్తులంటే 24 అడుగుల ఎత్తు, 288 అడుగుల ర్యాంపు, మలుపుల దగ్గర చదును వేరే. మా ఆవరణలో అంత చోటు లేదు. లిఫ్టంటే షాఫ్టు, జనరేటరు. ల్యాబు కిందకి దించుదామంటే గ్యాసు లైను, వాయువులు లాగే హుడ్డు, డ్రైనేజీ.

మేనకోడలు: మొత్తం ల్యాబు దించమనట్లేదు. కింద ఒక్క గది. రెండు బల్లలు, అబ్బాయి మోకాళ్ళు కిందకి పట్టేట్టు ఒక బల్ల, కుళాయి, హాట్‌ప్లేటు, చిన్న హుడ్డు. మొదటి ఏడాది ప్రయోగాల్లో సగం పైగా అక్కడ అయిపోతాయి.

మావయ్య: మిగతా సగం?

మేనకోడలు: మిగతా సగానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వచ్చే బడ్జెట్టులో పెట్టండి.

మావయ్య: ఇంకో ప్రశ్నకీ లేదు నీ దగ్గర. చదివిస్తావు, డిగ్రీ ఇస్తావు. తర్వాత? ప్రభుత్వంలో నాలుగు శాతం ఉద్యోగాలున్నాయి, సరే. ఫార్మా సిటీలో ఎవడు తీసుకుంటాడే వాళ్ళని? ఇంటర్వ్యూలో తెల్లకర్ర చూడగానే ‘తర్వాత చెబుతాం’ అంటారు. అది నాకు తెలుసు, నేనూ అన్నాను.

మేనకోడలు: కొందరు తీసుకోరు. నిజమే.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఆమె ఎదురు వాదించకపోవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఉద్యోగం ఇవ్వరు కాబట్టి చదువు వద్దనడం తర్కమే కాదు. కాని తల్లిదండ్రులు చాలామంది ఆ తర్కంతోనే పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడుతున్నారు, వాళ్ళకి లెక్కలు చెప్పి ఒప్పించలేం. అందులో వాళ్ళ తప్పు నాకు కనపడదు.)

మావయ్య: సరే రాస్కో. అమ్మాయికి ప్రాక్టికల్స్ మినహాయింపు లేదు, చేయించాల్సిందే. వారం ముందు ల్యాబు పరిచయం. మాట్లాడే మీటరు ఒకటి కొనాలి, కొటేషన్లు మూడు. నోట్సు యూనికోడ్‌లో ఇవ్వాలని ప్రిన్సిపాల్ సర్క్యులరు. పరీక్షలో టైపింగు గురించి యూనివర్సిటీకి రాయాలి, వాళ్ళు జవాబిస్తారన్న నమ్మకం నాకు లేదు. అబ్బాయి సంగతి మాత్రం ఈ ఏడాది వీడియోయే.

మేనకోడలు: ఆ అబ్బాయికి మొదటి ఏడాది ఈ ఏడాదే మావయ్యా. వచ్చే ఏడాది గది కట్టి ఏం లాభం?

మావయ్య: గది కట్టక్కర్లేదే. కింద స్టోరు రూము ఉంది. కుళాయి పక్కనే. కాని ఖాళీ చెయ్యనివ్వరు. నిండా పాత జవాబుపత్రాలు.

మేనకోడలు: ఎప్పటివి?

మావయ్య: ఎవడికి తెలుసు. శుక్రవారం సమావేశానికి ముందే వెళ్ళి చూస్తాను. టేపు కూడా పట్టుకెళతాను, ఆ తలుపులోంచి కుర్చీ పడుతుందో లేదో.